కౌలాలంపూర్‌లో తైపూసం: స్వామి మనవాడే, పండగ మాత్రం వాళ్ళది

మీ ప్రశ్న చదువుతుంటే పదమూడేళ్ళ క్రితం ఇక్కడికి కొత్తగా వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. కౌలాలంపూర్ వచ్చి ఆరు నెలలైందని, తమిళం రాదని, బాబుకి ఐదేళ్ళని రాశారు. ఇక్కడి బాటు కేవ్స్ గుహల్లో ఉన్న సుబ్రహ్మణ్యస్వామి గుడికి తైపూసం పండగకి వెళ్ళాలని ఉంది కానీ అక్కడ పరాయివాళ్ళం అవుతామేమోనని సందేహం. బాబుతో మెట్లెక్కగలమా, మొక్కు కోసం ఒంటికి శూలాలు గుచ్చుకున్నవాళ్ళని చూసి వాడు భయపడతాడా, ఫొటోలు తీయొచ్చా, కావడి మొక్కుకోవచ్చా, ఆఫీసులో ఉన్న కొరియా అమ్మాయిని వెంట తీసుకెళ్ళొచ్చా అని కూడా అడిగారు. అన్నిటికీ చెప్తాను. అయితే ముందు పరాయితనం సంగతి తేలాలి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

అవును, అక్కడ మనం బయటివాళ్ళమే. అందులో బాధపడాల్సిందేమీ లేదు. స్వామి మనకి తెలిసినవాడే. మోపిదేవిలోనో బిక్కవోలులోనో పుట్ట దగ్గర పాలు పోసి దండం పెట్టుకున్న ఆ సుబ్రహ్మణ్యుడే. కానీ ఈ పండగ ఈ దేశపు తమిళులది. వాళ్ళ తాతముత్తాతలు రబ్బరు తోటల్లోకి, రైలు పట్టాల పనుల్లోకి కూలీలుగా వచ్చారు. తంబుస్వామి పిళ్ళై అనే పెద్దాయన ఆ గుహలో మురుగన్‌ని, అంటే మన సుబ్రహ్మణ్యుడినే, ప్రతిష్ఠించారు, 1892 నుంచి అక్కడ తైపూసం జరుగుతోంది. తరాల తరబడి వాళ్ళు కష్టాల్లో పట్టుకుని నిలబడ్డ పండగ అది. మనం మొన్న వీసా మీద వచ్చాం, కాంట్రాక్టు అయిపోతే వెళ్ళిపోతాం. హిందువులు కానివాళ్ళు వచ్చినప్పుడు తమకేమీ తెలియదన్న జాగ్రత్తతో నడుచుకుంటారు. మనం అలా కాదు, అన్నీ తెలుసనుకుంటాం. అందుకే తప్పులు ఎక్కువగా చేసేది మనమే.

నేను చేశాను. మొదటి ఏడాది ఒక్కదాన్నే వెళ్ళాను. నా వయసే ఉన్న ఒకావిడ బుగ్గలకి అడ్డంగా చిన్న శూలం గుచ్చుకుని, తల మీద పాలకుండతో నడుస్తోంది. నేను సరిగ్గా ఎదురుగా నిలబడి ఫొటో తీయబోయాను. పక్కన నడుస్తున్న ముసలావిడ, బహుశా తల్లో అత్తగారో, కెమెరాకి అడ్డంగా చెయ్యి పెట్టింది. కోపంగా కాదు, మెల్లగానే. తమిళంలో ఏదో అంది, నాకు అర్థం కాలేదు. అప్పుడు తన చేతిలో ఉన్న నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి, నడవమని సైగ చేసింది. రోడ్డు వేడికి ఆ అమ్మాయి పాదాలు కాలుతున్నాయి. మెట్ల దాకా ఆమె పాదాల మీద నీళ్ళు పోస్తూ పక్కనే నడిచాను. ఆ రోజు తీసిన ఫొటోలు ఇప్పుడెక్కడున్నాయో తెలియదు కానీ ఆ అరగంట నడక మాత్రం అడుగు అడుగూ గుర్తుంది. అప్పటి నుంచి ఏ ఏడాదీ ఆ పండగకి ఉత్తినే చూడటానికి వెళ్ళలేదు.

పండగ కథ తెలుసుకుని వెళ్తే అక్కడ కనిపించేది వేరుగా ఉంటుంది. సంక్రాంతి రోజున మొదలయ్యే తమిళ నెల తై. పూసం అంటే మన పుష్యమి నక్షత్రం. ఆ నెలలో పున్నమి, పుష్యమి కలిసే వేళకి పండగ. అసురుడిని సంహరించడానికి అమ్మవారు కొడుకు చేతికి వేలాయుధం ఇచ్చిన రోజని నమ్మకం. మనం తారకాసుర సంహారం అని వింటూ పెరిగాం, వాళ్ళ కథలో ప్రధానంగా వినిపించేది సూరపద్ముడు. మన దేవసేన వాళ్ళకి దేవయానై. ఇక కావడి కథ ఇడుంబుడిది. అగస్త్యుడి మాట మీద రెండు కొండల్ని కావడి కట్టి మోసుకొస్తూ పళని దగ్గర దించాడు, మళ్ళీ ఎత్తబోతే లేవలేదు, ఒక కొండ మీద బాలుడి రూపంలో స్వామి ఉన్నాడు. అందుకే భుజాన బరువు పెట్టుకుని కొండెక్కడం మొక్కైంది. మీది చిత్తూరు వైపైతే ఇదంతా చెప్పక్కర్లేదు, ఆడికృత్తికకి తిరుత్తణి కావళ్ళు చూసే ఉంటారు. మిగతా ప్రాంతాల తెలుగువాళ్ళకి మాత్రం కావడి అంటే నీళ్ళ కావడే.

తేదీ ఏటా మారుతుంది. 2024లో జనవరి 25, 2025లో ఫిబ్రవరి 11, 2026లో ఫిబ్రవరి 1. కౌలాలంపూర్‌లో, సెలంగోర్‌లో, పెనాంగ్, పేరాక్, జొహోర్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో సెలవు ఉంటుంది, దేశమంతా ఉండదు. మీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉందో దాన్ని బట్టి సెలవు, ముందే చూసుకోండి. కౌలాలంపూర్‌లో కూడా ఈ సెలవు వచ్చింది 2008లోనే.

చాలామంది కొత్తవాళ్ళు చేసే పొరపాటు, పండగ రోజు పొద్దున పదింటికి బయల్దేరి అన్నీ ఒకేసారి చూసేద్దామనుకోవడం. పది లక్షల మంది పైన వచ్చే చోట అది కుదరదు. మీలాంటి చిన్న కుటుంబానికి నేనిచ్చే సలహా, పండగని మూడు ముక్కలుగా చూడండి.

మొదటిది రథం. చైనాటౌన్‌లో జలాన్ తున్ హెచ్.ఎస్. లీ మీద శ్రీ మహామారియమ్మన్ గుడి ఉంది, 1873లో మొదలైన గుడి. పండగకి రెండు రాత్రుల ముందు వల్లీ దేవయానై సమేతంగా స్వామి వెండి రథం అక్కడి నుంచి బయల్దేరి, రాత్రంతా నడిచి, మర్నాడు బాటు కేవ్స్ చేరుతుంది. దారి పొడవునా జనం కొబ్బరికాయల గుట్టలు పోసి, రథం రాగానే రోడ్డుకేసి కొడతారు. జలాన్ ఇపో మీద ఎక్కడైనా కాస్త వెడల్పున్న చోట నిలబడండి. కొబ్బరి చిప్పలు ఎగిరి పడతాయి కాబట్టి బాబుని ఎత్తుకుని వెనక వరసలో ఉండండి, కాళ్ళకి చెప్పులు తప్పనిసరి. ఇంతసేపు కొడుతూనే ఉంటారా అని మొదటిసారి నేనూ ఆశ్చర్యపోయాను. రథం వెళ్ళిపోగానే ఊడ్చేవాళ్ళు వస్తారు, కాసేపటికి రోడ్డు శుభ్రం. మీరు బాబుకి చూపించాల్సింది ముందుగా ఇదే. ఇందులో భయపడాల్సిందేమీ లేదు, దీపాలు, నాదస్వరం, పూలు, ఎడ్లబండిలా మెల్లగా కదిలే రథం.

రెండోది కావళ్ళు. పండగ ముందు రోజు చీకటి పడ్డాక గుహల దగ్గరికి వెళ్ళండి, కానీ మెట్లెక్కొద్దు. కావడి మోసేవాళ్ళు దగ్గర్లోని బాటు నదిలో స్నానం చేసి, అక్కడే పూజ చేసుకుని బయల్దేరతారు. నది దగ్గర నుంచి మెట్ల మొదలు దాకా ఉన్న దారిలో ఒక పక్కగా నిలబడితే చాలు, పండగంతా మీ ముందు నుంచే వెళ్తుంది. ఉరుమి మోగుతుంటే "వేల్ వేల్" అని వందల గొంతులు ఒక్కసారి లేస్తాయి. తల మీద పాలకుండలు, నెమలి పింఛాల కావళ్ళు, మనిషికంటే ఎత్తున ఒంటికి కొక్కేలతో బిగించిన అలగు కావళ్ళు, వీపు మీద కొక్కేలకి నిమ్మకాయలు వేలాడదీసుకున్నవాళ్ళు, అన్నీ చూస్తారు. వీటన్నిటి మధ్య నన్ను ప్రతి ఏడూ ఆపేసే దృశ్యం ఒకటుంది. పిల్లల కోసం మొక్కుకుని కన్నవాళ్ళు, చెరకు గడకి పసుపు చీర ఉయ్యాల కట్టి, అందులో నెలల పిల్లని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు మోసుకుపోతారు. ఆ పిల్లలు అంత చప్పుళ్ళోనూ నిద్రపోతుంటారు.

మూడోది మెట్లు. 272 మెట్లు, నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. పండగ రోజు ఐదేళ్ళ పిల్లాడితో ఎక్కొద్దని గట్టిగా చెప్తున్నాను. పైకి వెళ్ళే వరస మధ్యలో ఆగిపోతే గంటసేపు కదలదు, వెనక్కి రావడానికి దారుండదు. మా వారు, నేను ఒకసారి ఆ వరసలోనే విడిపోయాం, అంతమంది ఒకేచోట ఉండేసరికి ఫోన్లు కలవలేదు, మళ్ళీ కలుసుకోవడానికి రెండున్నర గంటలు పట్టింది. అప్పుడు పాప పుట్టలేదు. పిల్లతో ఉండి ఉంటే ఆ రెండున్నర గంటలు ఎలా గడిచేవో ఊహించడానికే భయమేస్తుంది. పండగ అయిన వారం తర్వాత మామూలు రోజు పొద్దున ఏడింటికి వెళ్ళండి. మెట్ల మొదట్లో 42.7 మీటర్ల బంగారు రంగు మురుగన్ ఉంటాడు, 2006లో నిలబెట్టారు. మెట్లకి ఇప్పుడున్న రంగులు వేసింది 2018లో. పైన గుహ లోపలికి వెళ్ళాక ఇంకొన్ని మెట్లెక్కితే, పైకప్పు తెరుచుకుని ఆకాశం కనిపించే చోట ఇంకో గుడి ఉంటుంది. గుహలోని గుడికి టికెట్ లేదు. బాబు తన కాళ్ళతో తానే ఎక్కుతాడు, మెట్లు లెక్కపెట్టించండి. చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంటే కోతులు లాక్కుపోతాయి, పళ్ళూ ప్రసాదమూ బ్యాగు లోపలే ఉంచండి.

ఎలా వెళ్ళాలంటే, రైల్లోనే. కేటీఎం కొమ్యూటర్ స్టేషన్ గుడి పక్కనే ఉంది, కేఎల్ సెంట్రల్ నుంచి నేరుగా వెళ్తుంది. పండగ రోజుల్లో అదనపు రైళ్ళు వేస్తారు, ఈమధ్య కొన్నేళ్ళు ఆ రోజుల్లో ఉచితంగా కూడా నడిపారు, ఈసారి ఏం ప్రకటించారో ముందు రోజు చూసుకోండి. ఎందుకైనా మంచిది, రైలు ఛార్జీకి వాడే టచ్ అండ్ గో కార్డులో డబ్బులు ఉంచుకోండి. కారు మాట మర్చిపోండి, రోడ్లు మూసేస్తారు. స్టేషన్ దిగగానే ఆకుపచ్చటి పెద్ద హనుమంతుడి విగ్రహం కనిపిస్తుంది. విడిపోతే కలుసుకునే చోటు అదేనని ఇంట్లోనే అనుకోండి. బాబు ముంజేతి మీద మీ ఇద్దరి నంబర్లూ పెన్నుతో రాయండి. విదేశీయులం కాబట్టి పాస్‌పోర్టు గానీ, మీ పాస్ వివరాలు గానీ దగ్గరుండాలి.

శూలాలు చూసి బాబు భయపడతాడా అని అడిగారు. మీరు ఎలా ఉంటే వాడూ అలాగే ఉంటాడు. బోనాల్లో శిగం ఊగేవాళ్ళని చూసిన ఇంటివాళ్ళైతే పూనకం కొత్తేమీ కాదు. రక్తం పెద్దగా కనిపించదు. గుచ్చేది అలవాటున్న పెద్దలు, విభూతి అద్దుతూ గుచ్చుతారు. నేను మా పాపకి ముందు రోజు రాత్రే కథలా చెప్పాను, "వాళ్ళింట్లో ఎవరికో బాగోలేనప్పుడు స్వామికి మాటిచ్చారు, ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకుంటున్నారు" అని. అది దానికి అర్థమైంది. అయితే గుచ్చే చోటికి, అంటే నది ఒడ్డుకి, పిల్లల్ని తీసుకెళ్ళకండి. నడిచి వచ్చేవాళ్ళని చూడటం వేరు, సూది దిగడం చూడటం వేరు. వాడు వెళ్ళిపోదామంటే ఆ క్షణమే వచ్చేయండి.

ఫొటోల గురించి నా మాట కాస్త కఠినంగా ఉంటుంది. దూరం నుంచి, గుంపుగా, ఎంత కావాలంటే అంత తీసుకోండి, ఎవరూ ఏమీ అనరు. కొందరు కావడి మోసేవాళ్ళు తామే ఆగి నిలబడతారు. కానీ పూనకంలో ఉన్నవాళ్ళ మొహం మీదికి ఫోను పెట్టకండి, వాళ్ళు సరేనో కాదో చెప్పే స్థితిలో ఉండరు. పక్కనున్న ఇంటివాళ్ళ కళ్ళలోకి చూసి ఫోను కొంచెం ఎత్తి చూపించండి, తల ఊపితే తీయండి. నదిలో స్నానాలు చేసే ఆడవాళ్ళని, గుండు చేయించుకుని ఏడుస్తున్న పసిపిల్లల్ని అసలు తీయొద్దు. వీడియో తీస్తూ వెనక్కి నడవొద్దు, వెనక నుంచి వచ్చే కావడికి తగిలితే ఆ కొక్కేలన్నీ ఒంట్లోనే లాగుతాయి. కావడి వస్తుంటే మనం తప్పుకోవాలి, అది తప్పుకోలేదు.

కావడి మొక్కు విషయం. మీరు నిజంగా మొక్కుకోవాలనుకుంటే ఎవరూ వద్దనరు, నువ్వు ఏ ఊరు, ఏ భాష అని అడగరు. కానీ మొదటి ఏడాది ఒద్దు. ఒంటికి గుచ్చుకునే కావడి ఎప్పటికీ ఒద్దని కాదు, అది గురువు చేతి కింద, ఇంటి ఆనవాయితీతో జరిగే పని, ఆవేశం మీద చేసేది కాదు. చాలామంది 48 రోజులు మండల దీక్ష చేస్తారు. మాంసం, మద్యం ముట్టరు, నేల మీద పడుకుంటారు, బ్రహ్మచర్యం పాటిస్తారు. మీకు కుదిరేది పాలకుండ. ఎన్ని రోజులు ఉపవాసం, ఎక్కడ నమోదు చేయించుకోవాలి అన్నది మీ ఇంటి దగ్గరి మురుగన్ గుడిలో అడగండి, వాళ్ళు బృందంగా వెళ్తారు, మీరూ అందులో కలవొచ్చు. నేను నాలుగో ఏడు పాలకుండ ఎత్తాను. పాలు తొణక్కుండా 272 మెట్లెక్కి పైన ఆ పాలు అభిషేకానికి అందించాక నాకు ఏడుపు ఆగలేదు, కారణం ఇప్పటికీ చెప్పలేను.

మీ కొరియా స్నేహితురాలిని తప్పకుండా తీసుకెళ్ళండి. పెనాంగ్‌లో చైనీస్ వాళ్ళు కొబ్బరికాయలు కొట్టడం, కావళ్ళు ఎత్తడం ఎప్పటి నుంచో ఉన్నదే, ఈ పండగకి బయటివాళ్ళు కొత్త కాదు. మోకాళ్ళ కిందకి వచ్చే బట్టలు, భుజాలు కప్పే జాకెట్టు ఉంటే చాలని చెప్పండి. పసుపు, నారింజ రంగులు ఇక్కడ ఎక్కువగా దీక్షలో ఉన్నవాళ్ళు కట్టుకుంటారు, వేసుకుంటే తప్పేమీ కాదు కానీ నేనైతే వేరే రంగు వేసుకుంటాను. ఆమెకి మీరు గైడులా ప్రతిదీ వివరించబోకండి. తెలియనిది పక్కవాళ్ళని అడగండి, ఎంత ఓపిగ్గా చెప్తారో చూడండి. ఇక మర్నాడు ఆఫీసులో ప్రసాదం పంచే అలవాటు మనకుంటుంది కదా, మలయ్ సహోద్యోగులకి మాత్రం ఇవ్వబోకండి. దేవుడికి నివేదించింది తినడం వాళ్ళ మతంలో కుదరదు, కాదనలేక వాళ్ళు ఇబ్బంది పడతారు.

భోజనం గురించి టెన్షన్ వద్దు. దారంతా చలివేంద్రాలు, అన్నదానం పందిళ్ళు ఉంటాయి. పెట్టింది కాదనకుండా తీసుకోండి, తినగలిగినంతే పెట్టించుకోండి. ఒక ఏడాది అలాంటి పందిట్లో నేను మా వారితో తెలుగులో మాట్లాడుతుంటే, మజ్జిగ పోస్తున్న పెద్దావిడ గరిటె ఆపేసి, "ఊరి నించి వచ్చినారా?" అంది. తెలుగే. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి పేరాక్‌లోని బాగాన్ దతోకు తోటల్లోకి వచ్చారట. ఆవిడ ఎప్పుడూ ఇండియా చూడలేదు, అయినా ఇండియాని ఊరు అంటుంది. ఈ దేశంలో తరాల నాటి తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. తమిళం రాదని మీరు బెంగపడక్కర్లేదు, మలయ్ నాలుగు ముక్కలు, ఇంగ్లీషు, మధ్యలో తెలుగు, సరిపోతాయి.

చివరిగా, నన్నడిగితే మీరు ఈ పండగలో కలవడానికి ఉన్న మంచి దారి నీళ్ళందించడం. పండగకి మూడు వారాల ముందు మీ పేటలో ఉన్న మురుగన్ గుడికి వెళ్ళి, ఏ చలివేంద్రంలోనైనా మనుషులు కావాలా అని అడగండి. కావాలనే అంటారు. మా పాపకి ఆరేళ్ళప్పుడు మొదటిసారి అలా నిలబడ్డాం, దాని పని గ్లాసులు అందించడం. వీపు నిండా కొక్కేలున్న ఒకాయన వంగలేక, మోకాళ్ళు మెల్లగా మడిచి దాని ఎత్తుకి దిగి, రెండు చేతులతో గ్లాసు అందుకున్నాడు. తాగి, దాని నుదుటి మీద విభూతి పెట్టి వెళ్ళిపోయాడు. అది భయపడలేదు, ఇంకో గ్లాసు నింపుకుని తర్వాతివాళ్ళ కోసం చూస్తూ నిలబడింది. మీరు అడిగేటప్పుడు తెల్లవారుజామున ఐదు నుంచి ఏడింటి వరకు ఉండే వంతు అడగండి. అప్పుడు చల్లగా ఉంటుంది, రాత్రంతా నడిచినవాళ్ళు దాహంతో వస్తారు, బాబు కూడా అలిసిపోడు.